బావ వరస

లాంగె కొండల్లోని ద్రాక్షతోట ఇంటి కింద, వైను పీపాల గదిలో, ఎవాసియో ఎర్ర వైను గ్లాసును వార్తాపత్రికకు అడ్డంగా పట్టి కళ్లు చిట్లించాడు. చెల్లెలు ఒర్నెల్లా మెట్లు దిగి వచ్చింది.

“మన నెబ్బియోలో ద్రాక్ష వైనయితే, దానిలోంచి పేపర్లో పోయినవాళ్ల పేర్లు కూడా చదవచ్చు. ఇందులోంచి పెద్దక్షరాలే కనబడట్లేదు! ఇది వైను కాదే, వైనం తేలాల్సిన కేసు.”

“మెల్లగా అన్నయ్యా. పైన ఆయన పడుకున్నాడు.”

“విననీ! నీ మొగుడి రంగు బయటపడింది. ఎక్కడో ముదురు రంగు చవక ద్రాక్ష, బార్బెరా వైను కొని మన పీపాలో కలిపాడు. నాన్న పేరున్న సీసాల్లో కల్తీనా? సోమవారమే వకీలు దగ్గరికెళ్లి తోట పంచేస్తాను.”

“బార్బెరా అన్నది నిజమే. కొన్నది మాత్రం కాదు. మన తోటలో ఐదో వరసది.”

“నోర్ముయ్! నాన్న పోయిన ఏడాది ఆ వరస నా చేత్తో నాటాను. అది నెబ్బియోలో!”

“మొక్కలవాడు నీకు నెబ్బియోలో అని చెప్పి బార్బెరా మొక్కలు అంటగట్టాడు. అమ్మకాల మీద ఊళ్లు తిరిగావు గానీ, ఎప్పుడైనా ఆకు వంక చూశావా? అది రెండు వారాలు ముందే పండుతుంది. ఏటా నువ్వు మిలాన్ వెళ్లినప్పుడు ఆయనొక్కడే కోసి, వేరే పీపాలో పోసేవాడు. మనం ఇంట్లో తాగేది అదే. ఈసారి కాలు విరిగి మంచమెక్కాడు. కూలివాళ్లు అన్నీ కలిపి కోసేశారు.”

ఎవాసియో గ్లాసు దించాడు.

“ముప్ఫయ్యేళ్లు! బావ నాతో ఒక్క ముక్క అనలేదేం?”

“కొనడానికొచ్చిన ప్రతివాణ్నీ ఆ వరస దగ్గరికే తీసుకెళ్లి, ‘ఇది నేను నాటింది’ అంటావు కదా. ‘మీ అన్న మురిపెం నేనెందుకు చెరపాలి’ అనేవాడు.”