లక్సెట్టిపేటలో దిగిన పులి

నస్పూర్‌లో ఎవరు పాత కారు కొనాలన్నా ముందు పరశురాములుకు చూపించాలి. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు, అయినా ఇన్నేళ్లలో ఎవరూ తప్పలేదు. ఆయన సింగరేణి బొగ్గు బావిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్లు బొగ్గులోనే అరగదీసుకున్నాను గానీ చెవులు మాత్రం పదిలంగా పైకి తెచ్చుకున్నాను అంటాడు. కారు దగ్గరికి పోయి, బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటాడు. బ్రేకు పెడలు రబ్బరును వేలితో తడిమి, "మీటరేమో జరంతనే తిరిగిందంటుంది, రబ్బరేమో అరిగి నున్నగైంది. మీటర్ వెనుకకు తిప్పిన్రు," అంటాడు. అమ్మేవాడి ముఖం మాడిపోతుంది. కొనేవాడు ఆయనకు బిర్యానీ తినిపించి, ఇంటి ముందు దింపి పోతాడు.

అలాంటిది, సీమోను కొడుకు డేవిడ్ ఖతర్ నుంచి వచ్చాడు, హైదరాబాద్ పోయాడు, సెకండ్ హ్యాండ్‌లో ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కుని ఊళ్లోకి తెచ్చేశాడు. రెండే తలుపులు, రెండే సీట్లు. పరశురాములును పిలవలేదు, ఒక మాట అడగలేదు. ఆ సంగతి ఆయనకు తెలిసింది కూడా శంకరవ్వ చాయ్ హోటల్లో, ఆటో నడిపే గోపాల్ నోటి వెంట, అందరితో పాటే. ఆయన కడుపు భగ్గుమంది.

శంకరవ్వ హోటల్లో అందరూ కూర్చునేవి మోకాలెత్తు కూడా లేని చెక్క బల్లలు. పరశురాములు ఒక్కడికి మాత్రం ఆమె తారు డ్రమ్ము బోర్లించి, దాని మీద గోనెసంచి మడతపెట్టి వేసింది. పెద్దమనిషికి పెద్ద పీట అని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. శంకరవ్వ అవుననీ అనదు, కాదనీ అనదు.

"ఎట్లున్నదనుకున్నవ్ కాకా," అన్నాడు గోపాల్. "రోడ్డుకు అంటుకపోయి ఉన్నది. చప్పుడు ఇంటే గుండె గుభేలుమంటది. పిల్లగాండ్లు దానెంబడి ఉరుకుడే ఉరుకుడు."

"నేను సుత కూసున్న," అన్నాడు ముత్తయ్య.

ముత్తయ్యది అదే బావి, అదే షిఫ్టు, రిటైరైందీ ఆయనతో పాటే. అలాంటి ముత్తయ్య ఆ కారులో కూర్చున్నాడా, తనకు చూపించకముందే?

"గదొక కారా," అన్నాడు పరశురాములు గ్లాసు పక్కన పెట్టి. "నేను స్పోర్ట్స్ కారు తోలి ఇడిశిపెట్టినోన్ని. మీకు చెప్పలే, గంతే."

"ఎప్పుడు తోలినవ్ కాకా?"

"నా గురించి నేను చెప్పుకునుడు నాకు అలవాటు లేదు."

శంకరవ్వ లేచి స్టవ్ మీద ఇంకో గిన్నె పాలు పెట్టింది. ఆయన చెప్పుకునే అలవాటు లేదన్నాడంటే ఇక ఇప్పట్లో ఎవరూ లేవరని ఆమెకు తెలుసు.

"భైంసల అంబదాస్ సేటని ఉన్నడు, పత్తి సేటు. కొడుకు ముద్దుగ అడిగిండని నల్లటి స్పోర్ట్స్ కారు కొనిచ్చిండు. పోరడు రెండు దినాలు తోలిండు, బుగులువట్టి జరమొచ్చి పండుకున్నడు. సేటు నాకు ఫోన్ కొట్టిండు, పరశురామ్ భావూ, గీ కారు ఇగ నువ్వే సూడాలె అని. పోయిన. ఒక్కన్నే పోయిన. బానెట్ లేపి సూస్తే ఏమున్నది, ఇంజన్ సందులపొంటి దూది. సేటూ, కారును పత్తి మిల్లుల పెట్టినవ్ గదా అన్న. సేటు నోరు తెరిశిండు. దూది లోపటికి పోతే ఇంజన్‌కు గాలి ఆడది. టైర్లు సూశిన, లోపటి దిక్కు అరిగినయ్. కిందికి వంగి సూశిన, స్పీడ్ బ్రేకర్లకు గీసుకపోయి సైలెన్సరు ఊగుతుంది. సామాను కావాల్నంటే బొంబాయికెల్లి రావాలె. ఇన్సూరెన్స్ కట్టే పైసలకు పాలిచ్చే బర్రె వస్తది. గీ కారు ఎవడు కొంటడు సేటూ, కొన్నోడు మళ్ల ఎవనికి అమ్ముతడు అన్న."

ఇక్కడిదాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఇవన్నీ ఆయన నిజంగా చూడగలిగినవే, చూసి చెప్పగలిగినవే. ఇక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ముత్తయ్య ముఖంలో ఆ ఎర్ర కారులో కూర్చుని వచ్చిన వెలుగు ఇంకా తగ్గలేదు. దాన్ని చూస్తుంటే పరశురాములు ఆగలేకపోయాడు.

"గా తర్వాత ఏమైందో ఎరుకేనా? నేను ఒక్కొక్కటి చెప్పుకుంట పోతున్న, సేటు ధర దించుకుంట పోతుండు. దించి దించి, ఇగ దించెతందుకు ఏం మిగులలే. కాయ్ కరూ భావూ, ఇగ నేనేం చేద్దు అని కండ్లల్ల నీళ్లు పెట్టుకొని, చాబి నా చేతుల పెట్టి, మీదికెల్లి ఒక పత్తి లారీ సుత తీసుకొమ్మన్నడు."

"లారీ ఏమైందే మరి?" అన్నాడు ముత్తయ్య.

"వద్దన్న. మా వాకిట్ల జాగేది? ఇగ ఇను. కారు ఎక్కెటప్పుడు మా ఇంటామె లస్మవ్వకు ఫోన్ కొట్టిన, బయలెల్లిన, బువ్వ వండు అని. గీ ముచ్చట యాదికుంచుకోండ్రి, మళ్ల వస్తది. నిర్మల్ దాటిన. రోడ్డు పక్క రాళ్లు ఒక్కొక్కటి కనవడుడు బందైంది, అన్నీ కలిసి గోడ లెక్కనే అయినయ్. ఖానాపూర్ల ఒకడు చాయ్ ఆరవోస్తుండు, గీ శంకరవ్వ లెక్కనే, పైకెల్లి కిందికి. నేను ఖానాపూర్ దాటిన, గా చాయ్ ఇంకా గ్లాసుల పడలే."

గోపాల్ శంకరవ్వ చేతిలోని గిన్నె వైపు, గ్లాసు వైపు చూసి ఏదో లెక్క వేసుకున్నాడు.

"జన్నారం అడివి వచ్చింది. రోడ్డు మీద పులి."

"పులా?"

"పులి గాక మేకనా? నన్ను సూశి ఎంబడి పడ్డది. నేను గేరు మార్చిన, గది అడుగు మార్చింది. జర దూరం మంచిగనే వచ్చింది, అబద్ధమెందుకు. ఆఖరికి నాలుక బయట పెట్టి రోడ్డు పక్కన కూలవడ్డది. నాకు పాపమనిపించింది. బ్రేకేసి, ఎడమ దిక్కు తలుపు తీసిన. ఎక్కింది."

"ఎక్కిందా?" ముత్తయ్య బల్ల మీద ముందుకు జరిగాడు. అతని ముఖంలో ఎర్ర కారు ఇప్పుడు లేదు. పరశురాములుకు ప్రాణం లేచి వచ్చింది.

"ఎక్కి కూసున్నది. సీటు బెల్టు నేనే పెట్టిన. లక్సెట్టిపేట దాంక వచ్చింది. బస్టాండు కాడ నా దిక్కు సూశింది, గిక్కడ ఆపు అన్నట్టు. ఆపిన. టప్పున దిగి పోయింది. మనుషులు ఎక్కితే సీట్లు ఖరాబ్ చేస్తరు గని, గది ఒక్క గోరు తాకియ్యలే. సీట్లు మంచిగుంటెనే మళ్ల అమ్మెటప్పుడు ధర వస్తదని పులికి సుత ఎరుకే."

"ఛార్జీ అడుగలేదా కాకా?" అన్నాడు గోపాల్. ఆటో నడిపేవాడికి ఆ సందేహం సహజం.

"అడివి జంతువును ఏమడుగుతం? ఇంటికొచ్చిన. కాళ్లు కడుక్కొని బువ్వకు కూసున్న. అప్పుడు మోగింది ఫోను. లస్మవ్వ ఎత్తింది. ఎవరనుకున్నరు, నేనే. బయలెల్లిన, బువ్వ వండు అంటున్న. నేనొచ్చిన గని నా మాట ఇంకా తొవ్వలనే ఉన్నది."

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. పరశురాములు ఇప్పుడు డ్రమ్ము మీద నిటారుగా కూర్చున్నాడు. గొంతు పెరిగింది.

"తెల్లారి కొండగట్టుకు తీస్కపోయిన, బండి పూజకు. అయ్యగారు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టిండు. తొక్కిచ్చుమన్నడు. తొక్కిచ్చిన. దిగి సూస్తే నాలుగు నిమ్మకాయలు ఎట్లున్నయో గట్లనే ఉన్నయ్."

"నలుగకుంట ఎట్లుంటయే?"

"నలిగెటంత సేపు టైరు వాటి మీద ఉంటెగద. గవే కాయలు ఇంటికి తెచ్చి షర్బత్ చేసుకొని తాగినం. గా తర్వాత అమ్ముడు ముచ్చట. ఏ కారైన చేతులు మారినకొద్ది ధర పడుతది. స్పోర్ట్స్ కారైతే ఇంకా పడుతది, ఎందుకంటే సూశెటోళ్లు శాన మంది, కొనెటోడు ఒక్కడు దొరుకడు. నాది పెరుగుడు షురువైంది. కరీంనగర్ కెల్లి ఒకడొచ్చిండు. వాడు చాయ్ తాగెలోపట ధర పెరిగింది. పోయి పొలం అమ్ముకొని వచ్చిండు, గంతలకే మళ్ల పెరిగింది. ఆఖరికి దుబాయ్ షేకు విమానమేసుకొని వచ్చి మంచిర్యాల రోడ్డు మీద దించిండు. విమానం నువ్వు ఉంచుకో, కారు నాకియ్యి అన్నడు."

"ఇచ్చినవా?"

విమానాన్ని ఏం చేశాడో పరశురాములుకు ఇంకా తోచలేదు. తోచేలోపే రోడ్డు మీద చప్పుడు వినిపించింది. ఎర్ర కారు వచ్చి హోటల్ ముందు ఆగింది. డేవిడ్ ఒక్క ఊపున బయటికి వచ్చి నిలబడ్డాడు.

"నమస్తే కాకా. ఇంటికి పోతే నువ్వు ఈడ ఉన్నవని లస్మవ్వ చిన్నమ్మ చెప్పింది," అన్నాడు. "కొనకముందే నిన్ను తోల్కపొమ్మని బాపు మొత్తుకున్నడు. నేనే ఇనలే, మనసు ఆగలే. నచ్చకుంటే ఐతారం దాంక వాపస్ తీసుకుంటమని అమ్మినోళ్లు మాటిచ్చిన్రు. నువ్వు ఉంచుకొమ్మంటే ఉంచుకుంట. ఇచ్చెయ్యమంటే రేపు పొద్దుగాలనే తీస్కపోయి ఇచ్చేస్త."

అడగలేదని ఇంతసేపూ మండిన మనిషికి, అడిగిన తర్వాత మంట చల్లారాలి. చల్లారలేదు. పరశురాములు డ్రమ్ము దిగి కారు చుట్టూ తిరిగాడు. టైర్లు నాలుగూ ఒక్క తీరుగా ఉన్నాయి. పెడలు రబ్బరు మీద గీతలు గీతలుగానే ఉన్నాయి, మీటరు నిజమే చెబుతోంది. బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఎక్కడైనా ఒక చిన్న దగ్గు వినబడుతుందా అని ఆశగా విన్నాడు. అంత శుభ్రమైన చప్పుడు ఆయన చెవులు ఇంతవరకూ వినలేదు. ఊరందరి కార్లూ చూసిపెట్టాడు, తనకంటూ ఒక్క కారు ఎన్నడూ లేదు. సీమోను కొడుకేమో ఒక్కసారికే ఇంత మంచిదాన్ని ఎంచుకున్నాడు, అదీ తన సాయం లేకుండా. ఆయనకు కళ్లల్లో నిప్పులు పోసుకున్నట్టు అయింది.

"కూసో కాకా, ఒక చక్కరేసి వద్దాం," అన్నాడు డేవిడ్, ఎడమ వైపు తలుపు తీసి.

పరశురాములు సీటు వైపు చూశాడు. అది ఎక్కడో కింద ఉంది. కానీ పులికి సీటు బెల్టు పెట్టిన మనిషి అందరి ముందూ వెనుకాడలేడు. తలుపు పట్టుకుని, వంగి, సగంలో మోకాళ్లు మాట వినక, దబ్బున లోపల పడ్డాడు. కారు రైల్వే గేటు దాకా పోయి తిరిగి వచ్చింది. అంత సుఖం ఆయన ఎరగడు. ఆ సుఖం రోజూ డేవిడ్‌ది అవుతుందనే ఆలోచన ఆయన పక్కటెముకల్లో పొడిచింది.

హోటల్ ముందు ఆగగానే, సీట్లో కూర్చునే, అందరికీ వినబడేలా చెప్పాడు.

"వాపస్ ఇయ్యి బిడ్డా. మన రోడ్లకు గింత కిందికి ఉన్న కారు పనికిరాదు. సామాను దొరుకది. రేపు అమ్ముదామంటే కొనెటోడు రాడు, సగం ధర సుత రాదు. మీ అవ్వను చర్చికి తోల్కపోతే మీ బాపు ఏడ కూసోవాలె? వాపస్ ఇయ్యి."

"మంచిగనే ఉన్నది గదనే," అన్నాడు ముత్తయ్య.

"నీకేమెరుక."

డేవిడ్ ముఖం చిన్నబోయింది. "సరే కాకా, నువ్వు చెప్పినంక ఇగ ఏమున్నది," అని మెల్లగా వచ్చి తలుపు తీశాడు.

పరశురాములు దిగబోయాడు. ఎడమ కాలు బయట పెట్టాడు. లేవబోయాడు, లేవలేకపోయాడు. కాలు మళ్లీ లోపల పెట్టుకుని ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. తలుపు పట్టుకుని ఇంకోసారి ఊగాడు. ఊగిన చోటే ఉన్నాడు.

"వాపస్ ఇయ్యమంటివి, దిగుతలేవేందే?" అన్నాడు ముత్తయ్య.

చివరికి ఒక చెయ్యి ముత్తయ్య, ఒక చెయ్యి గోపాల్ పట్టుకుని గుంజారు. చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. డేవిడ్ అది తీసి, కాళ్ల దగ్గర పెట్టాడు. పరశురాములు అంగీ సర్దుకుని, పోయి డ్రమ్ము మీద కూర్చుని, ఊపిరి తీసుకుని మొదలుపెట్టాడు.

"సూశిన్రా, సీటు తయారీనే మంచిగ లేదు. గందుకే వద్దన్న. గదే నా భైంస కారైతే..."

శంకరవ్వ కొత్త చాయ్ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆ డ్రమ్ము అక్కడ ఎందుకు వేసిందో ఆమె ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది.

"పరశురాములన్నా, పులి లక్సెట్టిపేటలనే దిగిపాయె. మరి నస్పూర్ల గా నల్ల కారుల కెల్లి నిన్ను ఎవరు గుంజిన్రే?"

గోపాల్ నోట్లో చాయ్ బయటికి వచ్చింది. ముత్తయ్య బల్ల మీద పడి పడి నవ్వాడు. పరశురాములు నోరు తెరిచాడు. విమానం, షేకు, సేటు, ఎవరూ సాయానికి రాలేదు.

డేవిడ్ నవ్వలేదు. కారు దగ్గరే నిలబడి, తలుపు మీద ఆయన చేతి మరకలను రుమాలుతో తుడుస్తున్నాడు. తెల్లారితే ఇచ్చేయాల్సిన కారు, అయినా తుడుస్తున్నాడు. పరశురాములు అది చూసి తల దించుకున్నాడు. కాసేపటికి గ్లాసు కింద పెట్టి పిలిచాడు.

"డేవిడ్, ఇటు రా. ఇచ్చేయకు."

"మంచిగ లేదంటివి గద కాకా?"

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు పరశురాములు. "గందుకే వాపస్ ఇయ్యమన్న."