పాచికలమ్మ

ఎవరి గురించీ, పాచికలమ్మ గురించా? ఆ పేరు నీకెక్కడ దొరికిందే? మీ ఆఫీసులో పాతవాళ్లెవరో చెప్పుంటారు. కూర్చో. మేం పెట్టిన పేరులే అది, ఎదురుగా పిలిచినా నవ్వేది. ఆపరేటింగ్ సిస్టమ్ నడిమధ్య కెర్నల్ ఉంటుంది కదా, అందులో ఎవరూ ముందుగా ఊహించలేని అంకెలు పుట్టించే పని ఆవిడది. నీకు తెలుసనుకో, అయినా చెప్తాను. మిషన్‌కి సొంతంగా ఏదీ తోచదు, చెప్పింది చేస్తుంది, అంతే. అందుకని బయటినుంచి ఏరుకోవాలి. మనిషి ఒక మీట నొక్కాక ఇంకోటి ఎంతసేపటికి నొక్కాడు, నెట్‌వర్క్‌లో కబురు ఏ క్షణాన వచ్చింది, ఇలాంటివన్నీ పోగేసి, కలిపి, దాంతో మొదలుపెట్టాలి. మొదలు బాగుంటే తర్వాత లెక్క కట్టి ఎన్ని అంకెలైనా తీసుకోవచ్చు. రెండు మిషన్లకి మొదలు ఒకటే అయిందా, వెనకాల వచ్చేవన్నీ ఒకటే. "పాచిక వెయ్యకముందే ఎంత పడుతుందో తెలిస్తే అదేం ఆట సార్?" అనేది, జారిన కళ్లద్దాలు పైకి తోసుకుంటూ. గొంతు పీలగా ఉండేదిలే, వెనక బల్ల వాళ్లకి వినపడేది కాదు... ఆ, ఏం చెప్తున్నాను?

తాళాలు. అప్పుడు ఒక నర్సుల హాస్టల్‌కి తలుపు తాళాలు చేస్తున్నాం. గదికో పెట్టె. అది తన రహస్య సంఖ్య తనే పుట్టించుకుని ఆ గది తెరిచే కార్డులోకి ఎక్కిస్తుంది. దానికి మీటలా పాడా, కరెంటు రాగానే ఏరుకోవడానికి ఏముంటుంది? అందుకని ఆవిడ ప్రోగ్రామ్‌లో రెండు లైన్లు రాసింది, సరిపడా పోగయ్యేదాకా ఆగమని. ఒక్కోసారి రెండు నిమిషాలు ఆగేది. కొనేవాళ్ల ముందు మా కంపెనీ పెద్దాయన స్విచ్ వేసి నిలబడ్డాడు. అది ఉలకదు, పలకదు. "ఏమయ్యా, కునుకు తీస్తోందా?" అన్నాడు నాతో. అందరూ నవ్వారు. ఆ టీమ్ నాది మరి, నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడేమో సెలవులో ఉంది, వాళ్లమ్మకి ఆపరేషన్. ఫోన్ చేసి, "చిన్న టెస్టమ్మా, మీ పాస్‌వర్డ్ చెప్పండి" అన్నాను. ఆస్పత్రి వరండాలోంచి చెప్పింది, పాపం. టెస్టూ లేదు ఏమీ లేదు, ఆ ప్రోగ్రామ్ మార్చే వీలు ఆవిడ లాగిన్‌కే ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఆ రెండు లైన్లూ తీసేశాను. పెట్టె చిటికెలో లేచింది. పెద్దాయన నా భుజం తట్టాడు.

మూడు నెలలకి, ఎవరో నర్సు పారేసుకున్న కార్డొకటి ఎవడికో దొరికితే, దాంతో వేరే గదిలోకి చొరబడ్డాడు. లోపల ఉన్న నర్సు కిటికీలోంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకుంది. చూస్తే ముప్ఫై ఒక్క తలుపులకి ఒకటే సంఖ్య!

మీటింగ్ పెట్టారు. తెర మీద, ఆ లైన్లు తీసేసినచోట, ఆవిడ పేరు. "ఆ రోజు నేను అమ్మ దగ్గరున్నాను సార్" అంది. "మరి మీ పేరెందుకుంది?" అన్నాడు పెద్దాయన. ఆవిడ నావైపు చూసింది. కోపంగా కాదే, నేను చెప్తానని చూసింది. నేను నోరు తెరిచాను కూడా. తెరిచి ఏమన్నానో తెలుసా? "ఇంట్లో కష్టమున్నప్పుడు ఎవరైనా పొరబడతారు సార్, వదిలేద్దాం" అన్నాను. పెద్దమనిషిలా! ఆవిడ తల దించుకుని, "లాగిన్ నాదే సార్" అంది.

వారం రోజులు ఆ హాస్టల్లో ప్రతి తలుపు దగ్గరా నిలబడి, ఆ రెండు నిమిషాలూ ఆగి, తాళాలన్నీ తనే సరిచేసింది. ఆ నర్సు మంచం దగ్గరికెళ్లి క్షమాపణ కూడా చెప్పిందట. నా బదులు. తర్వాత ఉద్యోగం మానేసి పిల్లలకి లెక్కలు చెప్పుకుంది. రేపు వెళ్లి చెప్తాను, ఎల్లుండి వెళ్లి చెప్తాను అనుకుంటూ పదకొండేళ్లు గడిపాను. చివరికి పోయిందని తెలిసి వెళ్లాను. వాళ్ల తమ్ముడు నన్ను పోల్చుకుని, చెయ్యి పట్టుకుని అందరి మధ్యకీ తీసుకెళ్లాడు. "మా అక్క ఆఫీసులో పొరపాటు చేస్తే వెనకేసుకొచ్చిన సారు ఈయనే" అన్నాడు. ఇంట్లోవాళ్లకి కూడా నిజం చెప్పలేదే ఆవిడ. అందరూ లేచి నాకు దణ్ణం పెట్టారు. నేనూ... తిరిగి పెట్టాను.

ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు లోపలికి కొడుతోంది.