బోర్డు మీద ఖాళీ మేకు

"టీ పొయ్యవే అక్కా, నోరెండిపోతోంది. మొన్న మేనేజర్ గదిలో అలా అరిచా మరి! బోల్టులు చెయ్యడం ప్రభుత్వం పని కాదట, ఫ్యాక్టరీ అమ్మేస్తారట. ఇష్టపడే మానేస్తున్నామని మనం సంతకాలు పెట్టాలట. సగం మంది పెడితే చాలు, అమ్మకం ఖాయం. ఎవడబ్బ సొమ్మని అమ్ముతావురా అన్నాను! ముప్పై ఏళ్లు లేతు మిషను దగ్గర నిలబడ్డ కాళ్లివి. వాడికి చెమటలు పట్టాయి."

"ఆ గదిలో ఏసీ ఉందిగా?" అంది టీ కొట్టు అక్క.

"ఏసీకే చెమటలు పట్టాయే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిన్నగా రాజధానికి బండెక్కా. తలుపు తన్ని మంత్రి గదిలోకి దూరా. ఏమయ్యా, లాభం లేదని నువ్వొదిలేసిన పని ప్రైవేటువాడు పుణ్యానికి చేస్తాడా? ఆస్పత్రి అమ్మి, బడి అమ్మి, ఇంక నువ్వెందుకు, ఆ కుర్చీ కూడా వేలం వెయ్యి అన్నా. దెబ్బకి లేచి నిలబడ్డాడు. నేను కూర్చున్నా."

"ఆయన కుర్చీలోనా?"

"మరి నేల మీదా? ఇంతలో ప్రధానమంత్రే వచ్చి, బడ్జెట్టు నువ్వే రాయి బాబూ అని పెన్నిచ్చాడు. రాసిపారేశా. ఉప్పు దగ్గర్నుంచి విమానం దాకా ధరలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి! పక్క దేశాల మంత్రులు గుమ్మం బయట చెప్పులు విప్పి లైను కట్టారు, మాక్కూడా రాసిపెట్టన్నా అని. కుదరదు, నాకు షిఫ్టుందన్నా. సంతకమట సంతకం! నా పీనుగ పెట్టాలి!"

పక్క బల్ల మీద టీ తాగుతున్న ఫ్యాక్టరీ గేటు వాచ్‌మన్, ఈ కబుర్లు చెప్పేవాడి బామ్మర్ది, జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి గ్లాసు పక్కన పెట్టాడు. పనిలోకి వెళ్లేటప్పుడు అందరూ గేటు దగ్గర బోర్డు మీద ఎవరి మేకుకి వాళ్లు తగిలించే నంబరు బిళ్ళ అది.

"నలభై ఒకటి. నీదే బావా. నిన్న పొద్దున్నే అందరికంటే ముందొచ్చి సంతకం పెట్టి, ఎవరికీ చెప్పకురా అని దీన్ని నా చేతిలో పెట్టావు. మా అక్క మొగుడివని నోరు మూసుకున్నా. కానీ నీ మేకు ఖాళీగా ఉండటం అందరూ చూశారు."

"ఒరేయ్, ఇంట్లో మీ అక్క..."

"మా అక్కని లాగకు! నువ్వే పోయావంటే మనమెంత అనుకుని, సాయంత్రానికి సగానికి పైగా సంతకాలు పెట్టేశారు. నేనూ పెట్టాను. నువ్వు మంత్రిని నిలబెట్టక్కర్లేదు బావా. ఆ బోర్డు దగ్గర రెండ్రోజులు నువ్వు నిలబడితే సరిపోయేది."