చిన్నమ్మాయి తీసుకెళ్ళిన తొక్కలు

ఏంటే ఆ డబ్బాలో దాస్తున్నావు? ఆనపకాయ తొక్కలా? పారెయ్యవా వాటిని? ఓహో, ఫోన్లో చూశావా. ఎవరో అమ్మాయి తొక్కలతో పచ్చడి నూరి చూపించిందా, రెండు లక్షల మంది చూశారా! చూడనీలే అమ్మా, మంచిదే కదా. వెక్కిరించట్లేదే వినీలా, నా మొహమే అంత. ఫ్రిజ్జు మీద అంటించిన కాగితం కూడా బాగుంది. సోమవారం బెండకాయ, మంగళవారం పప్పుచారు, బుధవారం... అదేంటి, పనీరా, సరే. బ్యాంకు నుంచి ఏడింటికి వచ్చి, ఇద్దరు పిల్లలకి వండి పెట్టి, మళ్ళీ పొద్దున్నే బాక్సులు కట్టాలంటే ఆదివారం కూర్చుని ఇలా తరిగి పెట్టుకోకపోతే ఎలా కుదురుతుంది నీకు. మా రోజుల్లో ఈ కాగితాలూ అవీ లేవు. అయినా వారమంతా తలలో పెట్టుకుని ఇల్లు నడిపిన మనిషి ఒకావిడ మన వీధిలోనే ఉండేది. చిన్నమ్మాయని. మీ అమ్మ అప్పుడు ఐదో క్లాసు, దానికి గుర్తుందో లేదో. ఆ తొక్కలు ఇటివ్వు, ఊరికే కూర్చోడం ఎందుకు, నేను కడుగుతాను.

పేరు చిన్నమ్మాయి గానీ నాకంటే రెండేళ్ళు పెద్దదే. అది, ఇది అనడం అలవాటైపోయింది, చూడు, ఆవిడ అనడానికి ఇప్పటికీ నోరు తిరగట్లేదు. మొగుడు బుల్లియ్య ఇక్కడ రేవులో, గోదారి దాటించే పంటు మీద పనిచేసేవాడు. మంచివాడే, తాగుడూ అదీ ఏం లేదు. ఒకరోజు రేవులోనే కూలబడిపోయాడు, కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. అప్పట్నుంచి మంచమే. ముగ్గురు పిల్లలు. ఇక దాని చేతిలో మిగిలినవి ఏంటంటే లేసు సూదీ, ఒక గేదే. మన నరసాపురంలో ఏ గుమ్మంలో చూసినా లేసు అల్లేవాళ్ళే కదా, కానీ దాని వేగం వేరమ్మా. ఎసరు మరిగేలోపు ఒక పువ్వు అల్లేసేది, అన్నం ఉడికేలోపు ఇంకోటి. కత్తిరించి పారేసే దారం ముక్కలుంటాయి చూడు, వేలెడంతవి, అవన్నీ సంచిలో దాచి దాచి బుల్లియ్యకి తలగడ కుట్టింది. మీ తాతయ్య పాత ప్యాంటు ఒకటి నేనిస్తే రెండు కాళ్ళూ విడదీసి పెద్ద పిల్లలిద్దరికీ రెండు స్కూలు సంచులు చేసేసింది. మీ తాతయ్య వీధిలో వాళ్ళని చూసి, "ఒసేయ్, నా ప్యాంటు స్కూలుకెళ్తోందే" అని ఒకటే నవ్వు. ఆయనకి నవ్వు ఎక్కువలే.

అప్పట్లో ఎలా ఉండేదంటే, గేదె ఉన్నవాళ్ళు సాయంత్రం నాలుగిళ్ళు తిరిగి తొక్కలూ కుడితీ పట్టుకెళ్ళేవారు. ఇచ్చేవాళ్ళకీ పుణ్యం, పుచ్చుకునేవాళ్ళకీ నామోషీ లేదు. ఇది నాలుగింటికి సత్తుగిన్నె పట్టుకుని మన పెరటి గుమ్మంలో నిలబడేది. "మాణిక్యంగారండీ, గేదెకి తొక్కలుంటే ఇప్పించండి." నేను బీరపొట్టు, ఆనపకాయ తొక్క, అరటికాయ తొక్క, అన్నీ ఒక చేటలో వేసి ఉంచేదాన్ని. తీసుకెళ్ళేది. అప్పుడప్పుడూ మర్నాడు చిన్న గిన్నెలో పచ్చడి తెచ్చేది. ఏం పచ్చడమ్మా అది! నువ్వులు వేయించి, పచ్చిమిరపకాయ వేసి, ఇంగువ పోపు పెట్టి, అబ్బ. ఏం వేశావే అంటే, "ఏముందండి, ఇంట్లో ఉన్నదేనండి" అనేది. మీ తాతయ్య ఆ పచ్చడితో రెండు వాయిలు అన్నం తిని, కంచంలోకి చూస్తూ, "మన ఇంట్లో ఇలాంటిది ఎందుకుండదు?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. కత్తిపీట ముందు కూర్చుని అన్ని రకాలు వండితే మెచ్చుకోలు ఎవరికెళ్ళిందో చూడు.

ఆ ఏడు ఉగాది వెళ్ళాక, తలగడ గలీబుల కోసం లేసు అంచు అడుగుదామని దాని ఇంటికెళ్ళాను. పెరటివైపు నుంచి వెళ్ళాను. కొట్టంలో గేదె లేదు. మేతకి తోలిందేమో అనుకున్నాను. కానీ పేడ లేదే. గోడ మీద పిడకలు లేవు. కుడితి తొట్టి ఎండిపోయి బీటలు వారింది. అది ఇవాళా నిన్నా పోయిన గేదె కాదు, బుల్లియ్య వైద్యానికి ఎప్పుడో సంక్రాంతి ముందే అమ్మేసిందట, తర్వాత తెలిసింది. వంటింట్లోకి తొంగి చూద్దును కదా, రోట్లో బీరపొట్టు. నేను ముందురోజు ఇచ్చిన బీరపొట్టే. పక్కన చేటలో ఆనపకాయ తొక్క సన్నగా తరిగి ఉంది, పిల్లలు ముగ్గురూ కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. అది నన్ను చూడలేదు. నేను వెనక్కి వచ్చేశాను. అంటే నాలుగు నెలలుగా లేని గేదె పేరు చెప్పి పిల్లల్ని పోషించుకుంటోంది. అదే నేనూ మీ తాతయ్యా లొట్టలేసుకుంటూ తిన్నది.

అక్కడితో ఊరుకుంటే నేను మనిషినే. ఇంటికొచ్చి, పాపం అనుకున్నాను కూడా. రేపట్నుంచి తొక్క కాస్త కండ ఉంచి మందంగా చెక్కుదాం, దానికి తెలియక్కర్లేదు అనుకున్నాను. అనుకున్నానే గానీ ఎక్కడ.

వైశాఖంలో మాగాయ పెట్టాం. మీ తాతయ్య వాళ్ళక్క శ్యామలాంబ వదిన తణుకు నుంచి వచ్చింది. ఆవిడ వస్తే నాకు చెమటలు. నూటయాభై కాయలు, మండువాలో చాపలేసి, వీధిలో ఆడాళ్ళు ఎనిమిదిమంది కూర్చుని ఆల్చిప్పలతో చెక్కు తీస్తున్నారు. ఇప్పుడు మీకు పీలర్లొచ్చాయి, అప్పుడు గోదారి ఆల్చిప్పకి చిల్లు పెట్టుకుని దాంతోనే. చిన్నమ్మాయి అందరికంటే ముందు. దాని చేతిలో కాయ గిర్రున తిరిగేది, తొక్క తెగకుండా ఒకటే దండగా వచ్చేది. ఆ తొక్కలన్నీ గిన్నెలోకి ఎత్తుకుంటోంది. ఎండబెట్టి చింతపండు బదులు పప్పులో వేసుకోడానికని నాకిప్పుడు తెలుసులే. శ్యామలాంబ వదిన చూసి, ఆ సాగదీసే గొంతు ఉండేదిలే ఆవిడకి, "చూడు మాణిక్యం, సంసారం అంటే అలా చెయ్యాలి. నువ్వు వీసెడు కొంటే అరవీసె పారేస్తావు. చిన్నమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉండి నేర్చుకో" అంది. అందరి ముందూ. మా ఇంట్లో, నా మండువాలో కూర్చుని.

నాకు నోరు ఆగలేదమ్మా. ఏమన్నానో తెలుసా? "ఇంత పులుపు గేదెలు తింటాయా చిన్నమ్మాయీ? అయినా మీ గేదె కొట్టంలో లేదేంటే, వంటింట్లోకి మారిందా? కంచం పెట్టుకుని తింటోందా?" అన్నాను. అదీ మాట. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఒకావిడ కిసుక్కుమంది, ఇక అందరూ. శ్యామలాంబ వదిన అయితే కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చిన్నమ్మాయి కూడా నవ్విందే. అదే నన్ను... అందరితోపాటే నవ్వి, గిన్నెలో తొక్కలు మళ్ళీ చాప మీదకి వంపేసి, ఆల్చిప్ప తీసుకుని మిగిలిన కాయలన్నీ చెక్కిపెట్టింది. అయిపోయేదాకా కూర్చుంది. లేస్తూ "వెళ్ళొస్తానండి" అని అందరికీ చెప్పి మరీ వెళ్ళింది. పులుపుకి దాని వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, గుర్తు.

పది రోజులు రాలేదు. చేటలో తొక్కలు కుళ్ళి వాసనొస్తే వీధిలో ఆవులకి నేనే పడేశాను. వెళ్ళి ఒక మాట చెప్దామని నాలుగుసార్లు చెప్పులేసుకున్నాను. ఏం చెప్తాం, ఊరికే అన్నాలే అని చెప్తామా? ఆ పదకొండో రోజో పన్నెండో రోజో వీధిలో సందడి. చూస్తే చిన్నమ్మాయి పలుపు పట్టుకుని పెయ్యదూడని నడిపించుకొస్తోంది. గోదారి అవతల వాళ్ళ అన్న ఇంటికెళ్ళి, బతిమాలుకుని, పంటు మీద ఎక్కించి తెచ్చిందట. పెంచి పెద్దచేసి ఇస్తానని చెప్పి తెచ్చింది, ఈనినా దూడా పాలూ వాళ్ళవే. వెనక కొట్టంలో కట్టలేదు దాన్ని. వీధి వైపు, గుమ్మం పక్కన గుంజ పాతించి కట్టింది, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలాగ. ఆ సాయంత్రం నాలుగింటికి మన గుమ్మంలోకి వచ్చి, ఇదివరకు మెల్లిగా పిలిచేదా, ఆ రోజు గట్టిగా, పక్కింటివాళ్ళకి వినపడేలాగ, "మాణిక్యంగారండీ, పెయ్యకి తొక్కలుంటే ఇప్పించండి" అంది.

నాకెంత తేలికయిందో! హమ్మయ్య అనుకున్నాను. కోపం లేదు దీనికి, అంతా సర్దుకుంది అనుకున్నాను. ఇక అప్పట్నుంచి నేను, ఏం చెప్పమంటావు, ఆనపకాయ చెక్కితే సగం కాయ తొక్కతోనే పోయేలాగ చెక్కేదాన్ని. బీరకాయకి రెండంగుళాలు ముచ్చిక వదిలేసేదాన్ని. పెద్ద దానకర్ణుణ్ణి కదా. రెండు మూడు నెలలు పోయాక, వినాయకచవితి ముందు, అప్పుడు అడగని ఆ లేసు అంచు అడుగుదామని మళ్ళీ వెళ్ళాను. ఈసారి వీధి వైపు నుంచే. పెయ్య నిగనిగలాడుతోంది. నేను చెక్కిన తొక్కలు, కండతో సహా, దాని ముందు గంపలో ఉన్నాయి. లోపల పిల్లలు ముగ్గురూ భోంచేస్తున్నారు. కంచాల్లో అన్నం, ఉప్పు వేసిన గంజి, అంతే. చిన్నది, వీరదుర్గ అని, నాలుగేళ్ళది, ఉత్త చెయ్యి నాకుతోంది. "పచ్చడి లేదేంటే చిన్నమ్మాయీ?" అని నేనే అడిగాను. చూశావా నా తెలివి. "తొక్కలన్నీ పెయ్యకే సరిపోతున్నాయండి" అంది. మామూలుగానే అంది, దెప్పినట్టు కాదు. వీధంతా చూస్తోంది కదమ్మా గంపకేసి. ఒక్క తొక్క తగ్గినా మళ్ళీ నవ్వుతారు. నేనన్న మాటని అబద్ధం చెయ్యడానికి పిల్లల నోటిది తీసి ఆ దూడకి పెడుతోంది, రోజూ, అందరూ చూస్తుండగా.

కూర పంపలేకపోయావా అంటావు. అంటావులే, నీ మొహం చూస్తే తెలుస్తోంది. కూర పంపితే నీకు లేదని నాకు తెలుసు అని చెప్పినట్టవుతుంది, దానికి ఇంకా చిన్నతనం, అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. గిన్నె పట్టుకుని దాని గుమ్మం ఎక్కాలంటే నేను తప్పు చేశానని ఒప్పుకోవాలి కదా. అది నా వల్ల కాలేదు. రెండేళ్ళు అలాగే గడిపింది. పెయ్య చూలుకట్టాక వాళ్ళన్నకి అప్పజెప్పి వచ్చింది. తర్వాత పెద్దపిల్ల లేసు పట్టుకుంది, కాస్త నిలదొక్కుకున్నారు, పాలకొల్లు వెళ్ళిపోయారు. చిన్నమ్మాయి పోయి కూడా ఇరవై ఏళ్ళు దాటింది. కబురు తెలిసింది. వెళ్ళలేదు నేను.

మొన్న మాఘంలో శ్యామలాంబ వదిన మనవడు, మన మురళీకృష్ణ కూతురి పెళ్ళికెళ్ళాం చూడు తణుకు, నువ్వు సెలవు దొరకలేదన్నావు. అక్కడ భోజనాల దగ్గర ఒకావిడ వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. పట్టుచీర, కళ్ళజోడు, హైస్కూల్లో టీచరట. "నేను వీరదుర్గనండి, చిన్నమ్మాయి గారి మూడో అమ్మాయిని" అంది. నా పక్కనే కూర్చుని అందరికీ చెప్తోంది, "మా అమ్మ పోయేదాకా ఈవిడ పేరే తలుచుకునేదండి. ఇంట్లో గేదె లేదని మాణిక్యంగారికి తెలుసే, తెలిసినా ఏనాడూ ఒక్కరి దగ్గర నోరు జారలేదు, మనం చిన్నబోతామని తెలియనట్టే ఉండేవారు, కండ ఉంచి మరీ చెక్కి పంపేవారు, అని చెప్పేదండి. బతికితే అలా బతకాలే అనేదండి మాతో." ఆ మాట చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది ఆ పిల్ల. చుట్టూ పదిమంది. అందరూ నాకేసి చూస్తున్నారు, ఎంత మంచావిడో అన్నట్టు.

నేనన్న మాట పిల్లలకి చెప్పలేదమ్మా చిన్నమ్మాయి. అమ్మని చూసి వీధంతా నవ్విందన్న సంగతి వాళ్ళకి తెలియకూడదని, నన్ను దేవతని చేసి చెప్పింది. కాదే తల్లీ, ఆ మాట నేనే అన్నాను, అందరి ముందూ అన్నాను, అని చెప్పాలి కదా నేను. నోటిదాకా వచ్చింది. వాళ్ళమ్మ దాచింది మనం బయటపెట్టడం ఎందుకని ఆగానని నీకు చెప్దామనుకున్నాను ఇందాకట్నుంచి. అదేం కాదు. నాకు బాగుందే, వినీలా. పదిమందీ అలా చూస్తుంటే బాగుంది నాకు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండమ్మా అని దీవించాను.

...కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో చూశావా? పప్పు మాడుతున్నట్టుంది, వెళ్ళి కట్టేసి రా.