బోర్లించని ఇత్తడి గొట్టం

ఓస్మో అంత్యక్రియలైన వారానికి, ఔలు పట్టణంలోని ఇంటి కింది గదిలో, అతను తూటాలు తయారుచేసుకునే బల్ల ముందు అతని భార్య, తమ్ముడు నిలబడ్డారు.

"ఈ ఖాళీ తూటా గొట్టాలన్నీ బోర్లించింది నువ్వేనా వదినా?"

"నేను కాదు. నిన్న డబ్బాలో వేసి తాళం పెట్టాను. తుపాకీ మందు పోయనివి ఇలా బోర్లించేది మీ అన్నయ్యే. ఒకదాంట్లోనే రెండుసార్లు పోస్తే పిస్తోలు పేలిపోతుందని."

"అంత జాగ్రత్త మనిషి, ప్రాణం తీసిన ఆ ఒక్కదాంట్లో రెండుసార్లు ఎలా పోశాడు?"

"పోస్తుండగా కాఫీకి పిలిచాను. అది అక్కడే పెట్టి పైకొచ్చాడు. తిరిగెళ్లి, మర్చిపోయి మళ్లీ పోశాడు."

"ఇదిగో, ఇదొక్కటి నిలబడే ఉంది. నిండా మందు!"

"రోజూ అంతే. దాని దగ్గరే ఆగుతున్నాడు. పొరపాటున కూడా పిలవకూడదని, కాఫీ పెట్టడమే మానేశాను."

"మరి పైనుంచి ఆ కాఫీ వాసనేంటి వదినా?"