రూతు వేలు పట్టుకొని తెచ్చిన చుట్టం

శనివారం పిల్లలకు ఏం పాఠం చెప్తవు తాతా అంటవా? నేను చెప్పేది ఫోన్ల రికార్డు ఎక్కుతుందా? సరే, ఎక్కనీ.

మనం యూదులం గదా, శనివారం పని ముట్టం. మా నాయన గుంటూరు దిక్కునుంచి ఈ సత్తుపల్లి అడివంచుకు వచ్చినప్పటిసంది అంతే. పని లేకపోతే పిల్లలు ఇల్లు పీకుతరు, అందుకే పాఠం నా మీద పడ్డది. నా చదువు బస్సు బోర్డుల మీద నేర్చిన చదువు. అబ్రాహాము కథ ఒక్కటే గట్టిగ వచ్చు, దాన్నే తిప్పి తిప్పి చెప్త. నాలుగు దిక్కుల తెరిచిన డేరా, ఎండల ముగ్గురు మనుషులు కనబడితే ముసలాయన ఎదురు ఉరికిండు, కాళ్లకు నీళ్లిచ్చిండు, పేరు అడగకముందే అన్నం పెట్టిండు. మీ నానమ్మ పాత చీర కట్టి డేరా చేస్తం. ముసలాయన వేషం నాదే, ఇంకెవరికిస్తరు.

మొన్న ఎండాకాలం ఫోన్లల్ల వీడియోలు, పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని. నేను చూసి తలుపుకు ఇంకో గొళ్లెం కొట్టించిన. మూలమలుపు కాడ పోరగాళ్లు కట్టెలు పట్టుకొని కావలి.

ఓ రోజు మిట్టమధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే రూతు, మీ చిన్నాన్న బిడ్డ, ఆరేండ్లది, ఎవరిదో వేలు పట్టుకొని వస్తుంది. గడ్డం, భుజాన సంచి, తెలుగు రాదు. ఎండల నిలబడ్డడని ఎదురు ఉరికిందంట, నేను చెప్పినట్టే. రోడ్డు మీంచి చూసేటోనికి ఏం కనబడతది చెప్పు? తెలియని మనిషి, పిల్ల చెయ్యి. ఎనకనే పోరగాళ్లు.

"పిల్లను ఇటు గుంజు తాతా, మిగతాది మేం చూసుకుంటం" అన్నడు మల్లేశు, ఎదురింటోని కొడుకు, నేను ఎత్తుకొని తిప్పిన పోరడు. ఎట్ల చూసుకుంటరో, మనుషుల్ని కొట్టి చంపిన వీడియోలల్ల చూసినం గదా.

నాకు ముందుగాల ఆ మనిషంటేనే భయమైంది. పిల్లకోసం చెయ్యి చాపిన. అది "తాతా, కాళ్లకు నీళ్ల చెంబు తే" అన్నది. ఆయన పిల్ల చెయ్యి వదుల్తలేడు. వదిలినా కొడతరు, పట్టుకున్నా కొడతరు.

"మా చుట్టం" అన్న.

"చుట్టమా? పేరేంది మరి?"

నాకేం ఎరుక. రూతే అన్నది, "తినకముందు పేరు అడగొద్దు మల్లేశన్నా. నువ్వు గూడ కూసో."

నవ్వుతరేమో అనుకున్న, ఎవ్వరూ నవ్వలే. మల్లేశు మెట్ల మీద కూసున్నడు, కట్టె మోకాళ్ల మీద పెట్టుకొని. మీ నానమ్మ అన్నం, పప్పుచారు పెట్టింది. ఆయన పళ్లెం ఖాళీ అయితే ఏమైతదో అని మెల్లగ తిన్నడు. నేను గూడ ఇంకో గంటె, ఇంకో గంటె అని వడ్డిస్తనే ఉన్న.

తిన్నంక చెప్పిండు పేరు, హిందీల. తమ్ముడు పామాయిల్ తోటల పనికొచ్చిండంట, వెతుకుతున్నడు, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. మన చార్జర్‌కు పెడితే లేచింది. తెర మీద ఫోటో, తమ్ముడు, ఆయన, మధ్యల వాళ్లమ్మ. మల్లేశు గూడ చూసిండు. ఫోన్ చేస్తే తమ్ముడు సత్తుపల్లి బస్టాండుకు వస్తనన్నడు.

కానీ మిగతా పోరగాళ్లు గేటు కాడనే ఉన్నరు. "సాగనంపి రా" అన్నది మీ నానమ్మ. "ఒక్కణ్ని పంపితే బస్సు దాంక పోడు."

నడిచిన. ధైర్యమా, నాకెక్కడిది, మీ నానమ్మ తలుపు మూసింది. ఓ పక్కన నేను, ఇంకో పక్కన మల్లేశు వచ్చి నడిచిండు. ఎందుకు వస్తున్నడో తెలియక వాన్ని చూసి గూడ భయపడ్డ. బస్సొచ్చింది, ఆయన ఎక్కిండు. అప్పటిదాంక ఆయన చెయ్యి నా చేతిలనే ఉన్నదని నాకు తెలియలే.

తరువాత శనివారం రూతు అడిగింది, "మళ్ల ఎవరన్న వస్తే ఉరకాలెనా?" ఉరకమంటే పిల్ల మీద భయం, వద్దంటే వచ్చేటోని మీద భయం. "నన్ను పిలువు, ఇద్దరం ఉరుకుదాం" అన్న. "నువ్వు లేచేసరికి ఆయన పోతడు తాతా" అన్నది.

అవ్, నిజమే.

నువ్వు రేపు ఏ ఊరికి కొలువుకు పోతవో, ఏ భాష రాని తావుల దిగుతవో. దిగిన కాడ మగోళ్ల కన్న ముందు ఓ చిన్నపిల్ల నిన్ను చూడాలె బిడ్డా... చూసి, ఎదురు ఉరికి రావాలె...