బోర్డు మీదికి నా పాత ఫోను ఫొటోయే

మా కుట్టు షాపు కొత్త బోర్డు మీద నా ఫొటో వేద్దామంటే నేను వద్దనలేదు. కాకపోతే అది నా పాత ఫోనుతోనే తీయాలని పట్టుబట్టాను. పట్టుబట్టక ఏం చెయ్యను? కెమెరా బాగుంటుందని మా తోడికోడలు కొత్త ఫోను కొన్న రోజున, "శుద్ధ దండగ, నా పాతదాని కాలిగోటికి సరిపోదు" అని వీధంతా వినేలా అన్నదాన్ని నేనే. ఇప్పుడు అదే ఫోను ముందు నిలబడితే ఆ మాట మింగాల్సిందీ నేనే. అందుకని టీలు రాగానే షాపు మెట్ల మీద చేరి మొదలుపెట్టాను. వింటున్నది తోడికోడలు, మా దగ్గర బొత్తాలకి కాజాలు కుట్టే పిన్ని, బోర్డులు చేసే అతను.

"అసలు కెమెరా అంటే ఏంటో మీకు తెలీదు. ఆ మధ్య ఒక లాయరు, నల్ల కోటు మీద నల్ల దారం, కుట్టు వేశారో లేదో తెలియడం లేదని పేచీకి దిగితే, ఒక్క ఫొటో తీసి మొహం మీద పెట్టాను, కుట్లన్నీ బియ్యంలో రాళ్లలా కనిపించాయి."

"నలుపు మీద నలుపు, బియ్యంలో రాళ్లలానా?" అన్నాడు బోర్డతను.

"ఉండవయ్యా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫొటోని వేళ్లతో కాస్త పెద్దది చేస్తే బొత్తాం కనిపించింది, ఇంకాస్త చేస్తే ఆ బొత్తాంలో ఎదురుగా ఇస్త్రీ చేస్తున్న మా ఆయన, ఇంకా చేస్తే ఆయన కంట్లో గోడ గడియారం! అది పది నిమిషాలు వెనక నడుస్తోందని నేను కనిపెట్టింది ఆ ఫొటోలోనే."

"మీ ఆయన కునుకు తీస్తూ కదా అమ్మాయ్ ఇస్త్రీ చేసేది?" అంది పిన్ని.

"రెప్పల్లోంచి కనిపించింది పిన్నీ, అదీ కెమెరా అంటే! ఈ కొత్త ఫోన్లు ఫొటో తీస్తాయా ఏంటి, మొహానికి సున్నం కొడతాయి. మొన్న దీని ఫోనులో నా ముక్కు ఎక్కడుందో వెతుక్కున్నాను. నాది ఉన్నదున్నట్టు తీస్తుంది. వానలో తడిసిన దుప్పటిని తీస్తే నీళ్లు ఆగకుండా కారాయి, పిండి ఆరేశాను."

"దుప్పటినా అక్కా?" అంది తోడికోడలు.

"ఫొటోని! అదెంత, ఇస్త్రీ పెట్టె వేడి మీదుండగా ఫొటో తీసి ఉంచుకున్నానా, కరెంటు పోయిన రోజు ఆ ఫొటో తెరిచి ఫోనుతో చొక్కా మీద రుద్దితే ఒక్క ముడత మిగిలితే ఒట్టు. కాలరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంచాను కాబోలు, మాడింది కూడా."

బోర్డతను గ్లాసు పక్కన పెట్టాడు. "సరే మేడమ్, అది తీసిన మీ ఫొటో ఒకటి చూపించండి. బాగుంటే అదే వేసేద్దాం."

నేను కావాలనుకున్నదీ అదే. ఫోనంతా గాలించి, ఉన్నవాటిలో గొప్పది బయటికి తీశాను. షాపు గుమ్మంలో నేను. ముక్కు ముక్కులా, కన్ను కన్నులా, వెనక అల్మరాలో గుడ్డల రంగులతో సహా. "ఇదిగో, కళ్లు కడుక్కుని చూడండి. ఏ కొత్త ఫోనైనా ఇలా తీస్తుందా?"

"నిజంగా బాగుంది మేడమ్," అన్నాడతను.

తోడికోడలు టీలోకి చూస్తూ కూర్చుంది. పిన్ని మాత్రం కాజా కుట్టేటప్పుడు పెట్టుకున్నట్టు ఫోనుని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"అమ్మాయ్, ఫొటోలో నీ చేతిలో ఉన్నది ఈ ఫోనే కదూ?"

అదే. పగిలిన మూలతో సహా. తోడికోడలు తన కొత్త ఫోనుతో తీసి నాకు పంపిన ఫొటో అది.

"అయితే?" అన్నాను. "ఇందాకట్నుంచీ చెప్పేది అదే కదా. అంత కెమెరా. తన ఫొటో తనే తీసుకుంది."

పిన్ని నవ్వు ఆపుకోలేక మెట్టు మీదే వాలిపోయింది.

"బోర్డు మీద చేతిలో ఫోను బాగుండదు మేడమ్, కత్తెర పట్టుకోండి, ఇంకోటి తీద్దాం," అన్నాడు బోర్డతను, నవ్వు టీతో పాటు మింగుతూ. తోడికోడలు అప్పటికే కొత్త ఫోను ఎత్తి పట్టుకుంది.

"అక్కా, గడ్డం కాస్త పైకి."

కత్తెర అందుకుని ఎత్తాను, రెండు గడ్డాలూ.